ఉప్పు నేలలో తిరిగే పాత జిప్సీకి ముందు ఏ పని చేయించాలి?

కావలి తూర్పు

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో 2001 నాటి మారుతి జిప్సీ కింగ్ ఉంది. పదహారు వాల్వుల 1.3 లీటర్ల ఎం.పి.ఎఫ్.ఐ. (కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే) ఇంజిన్ బండి. వారంలో ఎక్కువ రోజులు బకింగ్‌హాం కాలువకు అవతల మా రొయ్యల గుంటల గట్ల మీద తిరుగుతుంది. మిగతా రోజుల్లో ఉదయగిరి వైపు నాన్నగారి బత్తాయి తోటకు వెళ్ళి వస్తుంది. ఇంజిన్ విషయంలో ఏ బాధా లేదు. ఇబ్బందులన్నీ కింద భాగంలోనే ఉన్నాయి. హైవే మీద 60, 65 వేగంలో చిన్న గతుకు తగిలినా స్టీరింగ్ చేతుల్లో నిలవకుండా వణుకుతోంది, వేగం బాగా తగ్గిస్తే తప్ప ఆ వణుకు ఆగదు. ముందు చక్రాల లోపలి వైపు గ్రీజు కలిసిన ఆయిల్ కారి టైరు పక్కకు అంటుకుంటోంది. వానాకాలంలో గట్టు మీద చక్రాల గాళ్ళు లోతుగా పడ్డప్పుడు కింద హౌసింగ్ (ఇరుసు, గేర్లు ఉండే ఇనుప గొట్టం) నేలను దున్నుకుంటూ పోతోంది.

నెల్లూరులో ఒక వర్క్‌షాపు వారు బండిని చూసి, షాకిళ్ళు (కమాన్ కట్ట కొనను చాసిస్‌కు తగిలించే లింకులు) మార్చి రెండంగుళాలు ఎత్తు లేపి 235/75 ఆర్15 టైర్లు వేస్తే ఈ మూడు ఇబ్బందులూ పోతాయని చెప్పారు. వారు అడిగిన మొత్తం చిన్నది కాదు. ఉన్న డబ్బుతో ముందుగా ఏ పని చేయించడం మంచిదో అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరని కోరుతున్నాను.

పొర్లుకట్ట (నెల్లూరు)

తమ్ముడూ, మీరు చెప్పిన మూడింటిలో మొదటి రెండింటికీ ఎత్తుతో సంబంధం లేదు. ఎత్తు పెంచితే వణుకు ఎక్కువయ్యే అవకాశమే ఉంది. జిప్సీలో ముందు కమాన్ కట్టలకు షాకిళ్ళు ముందు కొన దగ్గర ఉంటాయి. వాటి పొడవు పెంచితే కట్ట ముందు కొన కిందికి దిగి, యాక్సిల్ పైభాగం ముందుకు వాలుతుంది. దానితో కాస్టర్ కోణం (చక్రం కుడి ఎడమలకు తిరిగే పిన్ను వెనక్కి వాలిన కోణం) తగ్గిపోయి, చక్రం తనంతట తాను తిన్నగా నిలబడే గుణం కోల్పోతుంది. కాబట్టి ఆ పని ఇప్పటికి పక్కన పెట్టి, వణుకు ఎక్కడి నుంచి వస్తోందో ముందు తేల్చుకోండి.

ఇది మీరు ఇంట్లోనే చేసుకోగల పరీక్ష. ముందు చక్రాన్ని జాకీతో నేల నుంచి లేపి, హౌసింగ్ కింద స్టాండు పెట్టండి. టైరును పైనా కిందా పట్టుకుని ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి ఊపండి. కదలిక కనిపిస్తే, మరొకరిని బ్రేకు గట్టిగా తొక్కి ఉంచమని చెప్పి మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే కదలిక పోతే వదులు చక్రపు బేరింగులో ఉన్నట్టు, బ్రేకు తొక్కినా పోకపోతే కింగ్ పిన్ (చక్రం కుడి ఎడమలకు తిరగడానికి ఆధారమైన పిన్ను) బేరింగులు అరిగినట్టు. తర్వాత టైరును కుడి ఎడమలుగా పట్టుకుని ఊపితే స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింకు, స్టీరింగ్ బాక్సులోని వదులు బయటపడుతుంది. చివరగా బండిని నేల మీద నిలిపి, ఒకరు స్టీరింగును అటూ ఇటూ తిప్పుతుంటే మరొకరు కమాన్ కట్టల కొనల దగ్గర రబ్బరు బుష్షులు నలిగి కదులుతున్నాయేమో చూడాలి.

మీ వర్ణనను బట్టి కింగ్ పిన్ బేరింగులే అని నా అంచనా. గతుకు తగలగానే మొదలై, వేగం తగ్గిస్తే తప్ప ఆగకపోవడం దాని లక్షణమే. కింగ్ పిన్ కింద పల్చని షిమ్ములు ఉంటాయి. షిమ్ములు తగ్గించిన కొద్దీ బేరింగు మీద బిగువు పెరుగుతుంది. నకిల్‌ను (కింగ్ పిన్ల మీద తిరుగుతూ చక్రాన్ని మోసే భాగాన్ని) తూకపు స్ప్రింగుతో లాగి చూసి, సర్వీసు పుస్తకంలో ఇచ్చిన విలువ వచ్చేదాకా షిమ్ములు సరిచూడాలి. చాలాచోట్ల ఈ కొలత తీయకుండా చేతి అంచనాతో బిగించి పంపుతారు. మీరు దగ్గరుండి కొలిపించండి. స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపును ఆపే షాకబ్జర్) మార్చి వణుకు తగ్గిందని చూపించేవారు కూడా ఉంటారు. అది జబ్బును దాచిపెడుతుంది తప్ప నయం చేయదు.

ఆయిల్ కారడం గురించి మరొక మాట. ముందు నకిల్ లోపల జాయింటు గ్రీజులో ఉంటుంది, హౌసింగులో గేర్ ఆయిల్ ఉంటుంది. ఈ రెండింటినీ విడిగా ఉంచేది లోపలి ఆయిల్ సీలు. మీకు గ్రీజు, ఆయిల్ కలిసి కారుతున్నాయంటే ఆ సీలు పోయినట్టే. కింగ్ పిన్ పనికి నకిల్ ఎలాగూ విప్పుతారు కనుక అప్పుడే సీళ్ళన్నీ మార్పించండి. బయట కనిపించే గుండ్రని బంతి భాగం మీద తుప్పు గుంటలు పడి ఉంటే, సన్నని ఎమెరీ కాగితంతో నునుపు చేయించిన తర్వాతే కొత్త సీలు వేయాలి. లేకపోతే గరుకుతనం కొత్త సీలును కొద్ది రోజుల్లోనే కోసేస్తుంది.

ఒంగోలు 540

పొర్లుకట్ట గారు చెప్పిన దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే రొయ్యల గుంటల మీద తిరిగే బండికి అంతకన్నా ముందు చూడవలసింది చాసిస్ అని నా అభిప్రాయం. సీలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, చాసిస్ విరిగితే బండే ఉండదు.

జిప్సీ చాసిస్ పెట్టె ఆకారంలో మూసి ఉంటుంది. లోపల చేరిన నీరు పోవడానికి కింద చిన్న రంధ్రాలు ఉంటాయి. గుంటల అడుగు మట్టిలో ఉప్పు, నల్లరేగడి జిగురు రెండూ కలిసి ఉంటాయి కనుక ఆ మట్టి రంధ్రాల్లో చేరి ఎండిందంటే సిమెంటు పెట్టి మూసినట్టే. ఆ తర్వాత తుప్పు లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది. పైన రంగు బాగానే కనిపిస్తుంది. అందుకే చిన్న సుత్తితో చాసిస్ పొడవునా తట్టుకుంటూ పోవాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న చోట మొద్దు శబ్దం వస్తుంది. వెనక క్రాస్ మెంబరు (చాసిస్ అడ్డ దూలం), కమాన్ కట్టలు తగిలే హ్యాంగర్లు, షాకబ్జర్ల మౌంటులు, బాడీ మౌంటుల కింది భాగం, లోపల కాలిపట్టా కింద ఫ్లోరు రేకు మరీ జాగ్రత్తగా చూడవలసిన చోట్లు. హ్యాంగరు దగ్గర మొద్దు శబ్దం వస్తే ఆ బండిని హైవే ఎక్కించవద్దు.

టైర్ల విషయానికి వస్తే, 235 వెడల్పు టైరు నల్లరేగడి గట్టుకు పనికిరాదని నా గట్టి నమ్మకం. నా మహీంద్రా ఎం.ఎం.540 బండికి ఇప్పటికీ సన్నని 6.00-16 టైర్లే ఉన్నాయి. సన్న టైరు పైబురదను చీల్చుకుని కింద గట్టి నేల దాకా దిగి పట్టు తీసుకుంటుంది. వెడల్పు టైరు పైపైన తేలుతూ, తన మీది గాళ్ళలో జిగురు మట్టి నింపుకుని నున్నగా తయారై జారుతుంది. మడ్‌గార్డులో చోటు లేకపోతే మట్టి అక్కడ ఇరుక్కుని చక్రం తిరగడమే ఆగిపోతుంది.

ఉదయగిరి దారి

ఒంగోలు 540 గారి మాట గట్ల వరకు నిజమే కావచ్చు గాని, ఈ తమ్ముడి బండి కొన్ని రోజులు మా వైపు కూడా వస్తుంది. వెలిగొండ పాదాల దగ్గర తోట దారులన్నీ రాళ్ళు తేలిన దారులు. అక్కడ సన్న టైరుకు పక్కగోడ కోసుకుపోయే ప్రమాదం ఎక్కువ. కొంత ఎత్తు, కొంత వెడల్పు ఉన్న ఆల్ టెరైన్ టైరు అక్కడ మేలు చేస్తుంది. అందుచేత 235 కాకపోయినా 215/75 ఆర్15 గురించి ఆలోచించమని నా సలహా. లెక్క చూడండి: కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైరు నిలువు కొలత సుమారు 668 మిల్లీమీటర్లు, 215/75 కొలత 703, 235/75 కొలత 733.

పొర్లుకట్ట (నెల్లూరు)

లెక్క ఇచ్చినందుకు ధన్యవాదాలు. ఆ లెక్కనే మరికాస్త ముందుకు తీసుకువెళదాం. బండిని షాకిళ్ళతో ఎంత ఎత్తు లేపినా హౌసింగ్ నేలకు ఉన్న దూరం వెంట్రుకవాసి కూడా పెరగదు, ఎందుకంటే హౌసింగ్ చక్రాల మధ్యనే వేలాడుతూ ఉంటుంది. దాన్ని పైకి లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ టైరు పెరిగిన కొలతలో సగం మాత్రమే. అంటే 215/75 వేస్తే 18 మిల్లీమీటర్లు, 235/75 వేస్తే 33 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మరో సంగతి, షాకిల్ రెండంగుళాలు పొడవైతే బండి లేచేది ఒక్క అంగుళమే. వర్క్‌షాపు వారు రెండంగుళాలు లేపాలంటే షాకిల్‌ను నాలుగంగుళాలు పెంచాలి. అంత పొడవు షాకిల్ పక్కలకు ఊగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్ బాక్సు వైపు నుంచి ఇరుసుకు శక్తి అందించే కడ్డీ) కోణం పెరిగి జాయింట్ క్రాసులు త్వరగా పోతాయి, బ్రేకు గొట్టాలు చక్రం కిందికి వేలాడినప్పుడు బిగుసుకుంటాయి.

235/75 టైరు వేస్తే కొలత దాదాపు పది శాతం పెరుగుతుంది. మీటరులో 60 చూపుతుంటే బండి నిజంగా 66 వేగంలో పోతూ ఉంటుంది. గేర్లన్నీ అంతమేర బరువెక్కుతాయి, ఈ చిన్న ఇంజిన్‌తో ఎగుడు ఎక్కేటప్పుడు ఒక గేరు కిందికి దిగవలసి వస్తుంది. ఇప్పటికే అరిగి ఉన్న కింగ్ పిన్ల మీద, ముందు జాయింట్ల మీద ఆ బరువు పడుతుంది. మీరు చెప్పిన 215/75 మధ్యేమార్గం. మీటరు తేడా అయిదు శాతమే. అయితే అది కూడా కింగ్ పిన్, బుష్షులు, కమాన్లు సరిచేసిన తర్వాతి మాట.

కమాన్లు అన్నాను కనుక చెబుతున్నాను. పాత జిప్సీ కూర్చుండిపోవడానికి సగం కారణం పట్టీల మధ్య తుప్పు పట్టి, అవి ఒకదాని మీద ఒకటి జారకపోవడం. కట్టలు విప్పించి, పట్టీలు ఒక్కొక్కటీ బ్రష్షు కొట్టించి, విల్లు పోయిన వాటిని మార్పించి, గ్రాఫైట్ గ్రీజు రాసి మళ్ళీ కట్టిస్తే బండి తన అసలు ఎత్తుకు వస్తుంది. కుదుపు కూడా ఎంతో తగ్గుతుంది. చాలామంది ఎత్తు పెంచాలనుకునేది ఈ పోయిన ఎత్తు కోసమే.

కావలి తూర్పు

ఇంత ఓపికగా వివరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం నుంచే పరీక్షలు మొదలుపెడతాను. ఈలోగా రెండు సందేహాలు. ప్రతిసారీ గుంటల నుంచి రాగానే మోటారు పెట్టి బండి కింద బాగా కడిగిస్తున్నాను, అయినా తుప్పు ఆగడం లేదు. పాత ఇంజిన్ ఆయిల్ చాసిస్‌కు కొట్టించమని ఇక్కడ అందరూ చెబుతారు. అది మంచిదేనా?

గూడూరు నిమ్మతోట

కడిగే నీళ్ళు ఏ బోరువి, బాబూ? తీరానికి దగ్గరగా ఉన్న చాలా ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పుగా ఉంటాయి. ఆ నీళ్ళతో కడిగి ఎండలో నిలిపితే నీరు ఆవిరై ఉప్పు మాత్రం రేకు మడతల్లో మిగిలిపోతుంది. అలా కడగడం కంటే కడగకపోవడమే నయమని నేను అంటాను. ఒక గ్లాసు నీళ్ళు నల్లటి ఇనుప రేకు మీద పోసి ఎండబెట్టి చూడండి, తెల్లటి పొర మిగిలితే ఆ నీరు బండికి పనికిరాదు. కాలువ నీరో, చెరువు నీరో, తాగునీటి కుళాయి నీరో వాడాలి. హైవేకు పడమర ఉన్న వాటర్ సర్వీసులో వారానికి ఒక్కసారి కడిగించినా, గుంటల దగ్గర రోజూ ఉప్పు నీటితో కడగడం కంటే మంచి ఫలితం ఉంటుంది. కడిగే మనిషికి చాసిస్ రంధ్రాలు చూపించి, లోపలికి గొట్టం పెట్టి స్వచ్ఛమైన నీరు వచ్చేదాకా వదలమని చెప్పాలి.

పాత ఇంజిన్ ఆయిల్ నాకు ఇష్టం లేదు. అది తుప్పును కొంత ఆపుతుందన్నది నిజమే. కాని బుష్షులు, బ్రేకు గొట్టాల రబ్బరును ఉబ్బిస్తుంది, దుమ్మును పట్టుకుంటుంది. పైగా మీ బండి తిరిగేది గుంటల గట్ల మీద. ఆ ఆయిల్ చుక్క నీటిలో పడితే నష్టం ఎవరికో మీకు నేను చెప్పనక్కరలేదు. తుప్పును వైరు బ్రష్షుతో లోహం కనిపించేదాకా గీకించి, బాగా ఆరిన తర్వాత జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు, దాని మీద ఎపాక్సీ రంగు వేయించండి. పెట్టె భాగాల లోపలికి పొడవాటి నాజిల్‌తో మైనపు పూత కొట్టించండి. తడి ఉండగా పైన నల్ల అండర్‌కోటింగ్ కొట్టించవద్దు, లోపల చిక్కిన తేమ దాని చాటున హాయిగా తింటుంది. ఈ పనంతా వేసవిలోనే చేయించాలి. అక్టోబరు దాటితే మన వైపు వానలు ఆరనివ్వవు.

ఒంగోలు 540

దీనికి ఒక్క మాట చేర్చాలి. చాసిస్ తిని ఉంటే తుప్పు రేకు మీదనే కొత్త రేకు అతికించి వెల్డింగు చేసే పద్ధతికి ఒప్పుకోవద్దు. గట్టి లోహం వచ్చేదాకా కోసి తీసేసి, అంతే మందం గల రేకు వేయించాలి. పైన వేసే పట్టీ కొనలు నిలువుగా కాకుండా ఏటవాలుగా కోయించాలి. నిలువు వెల్డింగు గీత దగ్గరే చాసిస్ మళ్ళీ పగులుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పించి, మీది ఎం.పి.ఎఫ్.ఐ. బండి కనుక కంప్యూటరు ప్లగ్గు కూడా తీయించండి. వెనక భాగంలో పని ఉంటే పెట్రోలు ట్యాంకు దింపించాల్సిందే. దింపినప్పుడు ట్యాంకు పైభాగం, గొట్టాలు చూడండి. 2001 నాటి రబ్బరు గొట్టాలు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కోసం చేసినవి కావు, కాబట్టి ఇథనాల్‌ను తట్టుకునే కొత్త గొట్టాలు అప్పుడే వేయించడం మంచిది.

కందుకూరు వకీలు

సాంకేతిక విషయాలు పెద్దలు చెప్పారు, చట్టం సంగతి నేను చెబుతాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో తేడాపడేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో దీన్ని మరోసారి స్పష్టం చేసింది. బండి ముందు బిగించే ఇనుప బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు ఆదేశం పంపింది. మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా క్లెయిములో చిక్కు వస్తుంది.

మీ బండి 2001 నాటిది కనుక పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ 2016లో ముగిసి, ఆ తర్వాత అయిదేళ్ళకొకసారి పునరుద్ధరణ జరుగుతూ ఉండాలి. లెక్క ప్రకారం 2021 తర్వాతి గడువు 2026లో పడుతుంది. గడువుకు అరవై రోజుల ముందు నుంచి ఫారం 25 ఇవ్వవచ్చు. తనిఖీ అధికారి చాసిస్ నంబరు చూస్తారు. తుప్పు పని చేసేటప్పుడు ఆ నంబరు ఉన్న చోట గ్రైండరు పెట్టనివ్వకండి, రంగుతో పూడ్చనివ్వకండి. ఈ ఒక్క జాగ్రత్త తప్పితే మిగతా కష్టమంతా వృథా అవుతుంది.

కావలి తూర్పు

పని ఎంతవరకు వచ్చిందో తెలియజేస్తున్నాను. పొర్లుకట్ట అన్నగారు చెప్పినట్టే బ్రేకు తొక్కి ఊపితే ఎడమ చక్రంలో కదలిక పోలేదు. నకిల్ విప్పితే కింది కింగ్ పిన్ బేరింగు రోలర్లు ఎర్రగా తుప్పు పట్టి, వాటి దారి మీద గాట్లు పడి ఉన్నాయి. రెండు వైపులా బేరింగులు, సీళ్ళు మార్పించి, తూకపు స్ప్రింగుతో కొలిపించి బిగించాము. వణుకు పూర్తిగా పోయింది. బోరు నీటి పరీక్షలో తెల్లటి పొర మిగిలింది. ఇకనుంచి హైవే పక్కనే కడిగిస్తాను. చాసిస్‌లో వెనక క్రాస్ మెంబరు ఒక్కచోట తిని ఉంది, దాన్ని కోసి మార్పించే పని జరుగుతోంది.

అయితే కొత్త సమస్య బయటపడింది. ముందు హౌసింగులోని ఆయిల్ దింపితే పాలు కలిపినట్టు తెల్లగా వచ్చింది. సీలు పాడైనందువల్లే నీరు చేరిందా, లేక మరో దారి ఉందా?

పొర్లుకట్ట (నెల్లూరు)

సీలు ఒక దారి, బ్రీదరు (హౌసింగు లోపలికీ బయటికీ గాలి పోయే చిన్న రంధ్రం) మరో దారి. హైవే మీద నడిచి వేడెక్కిన హౌసింగు ఒక్కసారిగా కాలువ నీటిలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. బ్రీదరు మట్టితో మూసుకుపోయి ఉంటే ఆ వెలితి సీళ్ళ అంచుల నుంచి నీటిని లోపలికి పీలుస్తుంది. బ్రీదరు తెరిచి ఉన్నా అది నీటిలో మునిగితే అక్కడి నుంచే పీలుస్తుంది. అందుకే రెండు హౌసింగుల బ్రీదర్లూ విప్పించి శుభ్రం చేయించి, వాటికి రబ్బరు గొట్టాలు తగిలించి పైకి తీసుకుపొమ్మనండి. ముందుదాన్ని ఇంజిన్ గదిలో గోడ మీద ఎత్తుగా, వెనకదాన్ని బాడీ లోపల లైటు వెనక భాగంలో కట్టించి, కొనను కిందికి వంచి చిన్న ఫిల్టరు పెట్టించాలి. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు గొట్టం లాగకుండా కొంత వదులు ఉంచాలి. మీ వాడకానికి ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే మార్పు మరొకటి లేదు.

తెల్లబడిన ఆయిల్ దింపాక కొత్తది పోసి కొద్ది దూరం నడిపి, దాన్ని కూడా దింపి మళ్ళీ పోయాలి. హౌసింగులకు జి.ఎల్.5 రకం 80డబ్ల్యూ90 ఆయిల్, గేర్ బాక్సుకు జి.ఎల్.4 రకమే పోయించండి. గేర్ బాక్సులోని ఇత్తడి రింగులకు జి.ఎల్.5లోని రసాయనం పడదు. వెనక హౌసింగు, ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కూడా ఇప్పుడే చూడండి, ముందుదానిలో నీరు చేరితే అవి పొడిగా ఉన్నాయని అనుకోవడానికి వీల్లేదు.

ఉదయగిరి దారి

మా దారిలో వచ్చేటప్పుడు ఫోర్ వీల్ ఎక్కడ వేస్తున్నారు, ఎక్కడ తీస్తున్నారు? కొందరు వేసి తారు రోడ్డు మీద కూడా అలాగే నడుపుతుంటారు కనుక అడుగుతున్నాను.

కావలి తూర్పు

నిజం చెప్పాలంటే ఫోర్ వీల్ లీవరు చాలా కాలంగా ముట్టుకోలేదు. అవసరం పడినప్పుడు గట్టిగా ఉంటోంది.

ఒంగోలు 540

అలా వదిలేస్తే లోపలి ఫోర్కు, స్లీవు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. నెలకొకసారైనా మట్టి దారిలో, చక్రాలు తిన్నగా ఉంచి, నెమ్మదిగా పోతూ ఫోర్ వీల్ హై వేసి కొంత దూరం నడపండి. ముందు జాయింట్లు, ప్రొపెల్లర్ షాఫ్టు అప్పుడే తిరిగి గ్రీజు అందుకుంటాయి. తారు మీద మాత్రం వద్దు. మన బండ్లలో ముందు వెనక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ (రెండూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు తిరిగే దూరం వేరు. మట్టిలో టైరు కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు మీద జారలేక ఆ ఒత్తిడంతా గేర్లలో, షాఫ్టుల్లో చిక్కుకుంటుంది. లీవరు రాకుండా బిగుసుకుంటే సుత్తితో కొట్టవద్దు, బండిని కొన్ని గజాలు తిన్నగా రివర్సులో నడిపితే ఒత్తిడి వదిలి లీవరు తేలిగ్గా వస్తుంది.

క్రాస్ మెంబరు పని అయ్యాక కమాన్లు కట్టించేటప్పుడు వాటిని హౌసింగుకు బిగించే యూ బోల్టులు పాతవి తిరిగి వాడనివ్వకండి, కొత్తవే వేయించండి. గుంటల దాకా కొద్ది రోజులు తిరిగాక బరువు మీద ఉండగానే వాటిని మరోసారి బిగింపించండి. ఆ తర్వాతే టైర్ల దుకాణానికి వెళ్ళండి.